రొట్టె కొస

మా ఆయన కుడిచేతి మనిషి. అన్నం కలిపేదీ, సంతకం పెట్టేదీ, పెళ్ళిలో రెండో ముడి జారబోతే గబుక్కున పట్టుకున్నదీ కుడి చేత్తోనే. కానీ హనీమూన్‌కని పరాయి దేశంలోని బటూమి వచ్చిన దగ్గర్నుంచీ నా నుదుటి మీద పడే జుట్టుని పక్కకి తీసేది మాత్రం ఎడమ చేత్తో.

నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడమే నా ఉద్యోగం. బాపట్లలో విత్తన పరీక్షశాలలో పనిచేస్తాను. తడి కాగితం మీద నూరు గింజలు పేర్చి, నాలుగో రోజుకి ఎన్ని మొలిచాయి, ఏడో రోజుకి ఎన్ని మొలిచాయి అని చూసి రాయాలి. ఎనిమిదేళ్ళుగా అదే పని కావడం వల్ల, ఏదైనా రెండోసారి జరిగితే నాకు తెలియకుండానే లోపల అంకె పడుతుంది. ఆ చేయి నుదుటి దగ్గర మొదలై, చెవి మీదుగా వెళ్ళి, చెవి వెనక బొటనవేలు ఒక్క క్షణం నిలిపి, దిగుతుంది. తొమ్మిది రోజుల్లో నలభై ఒక్కసార్లు. ప్రతిసారీ అదే దారి. ఒకే మొక్క గింజలు కూడా అంత ఒకేలా మొలవవు.

తొమ్మిదో రోజు ఉదయం సముద్రం పక్క రోడ్డు దాటుతున్నాం. సన్నగా వాన. నేను ఒక అడుగు ముందుకి వేసేసరికి మా ఆయన మురారి నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"లామారా" అని పిలిచి, ఆ దేశపు భాషలో ఇంకేదో అన్నాడు.

బస్సు వెళ్ళిపోయింది. నేను రోడ్డు దాటలేదు.

"లామారా ఎవరండీ?"

"ఎవరు?"

"ఇప్పుడు మీరు పిలిచారుగా."

"నేను ప్రసూనా అన్నాను."

"అనలేదు."

మురారి చెవి వెనక అంటించుకున్న బిళ్ళని తడుముకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే నాకు భయమేసింది.

ఆ బిళ్ళ సంగతి నాకు తెలుసు. ప్రయాణానికి ముందు హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. తలకి దారాల టోపీ లాంటిది తొడిగి, కుర్చీలో పడుకోబెట్టి, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరో మనిషి జ్ఞాపకాన్ని మన తలలోకి ఎక్కిస్తారు. నాకు వద్దన్నాను. తలనొప్పి వస్తే మా అమ్మకి ఏం చెప్పాలో తెలియక. గంట తర్వాత ఒక అమ్మాయి వచ్చి మురారికి ఏదో బస్సు స్టాపు ఫోటో చూపించింది. ఎన్నడూ దేశం దాటని మనిషి దాని పేరు చెప్పి, "అక్కడ మొక్కజొన్న రొట్టె బాగుంటుంది" అన్నాడు. "ఎక్కింది" అంది ఆ అమ్మాయి. పన్నెండు రోజులు ఉంటుందట. ఆ తర్వాత మెదడు అది తనది కాదని గుర్తుపట్టి కొద్దికొద్దిగా బయటికి తోసేస్తుందట. చెవి వెనక బిళ్ళ అది తొందరగా పోకుండా పట్టి ఉంచుతుంది.

మొదటి రోజుల్లో నాకు గర్వంగానే ఉంది. చీరాల సబ్‌స్టేషన్లో పనిచేసే ఇంజినీరు టాక్సీ డ్రైవర్లతో వాళ్ళ భాషలో జోకులు వేస్తుంటే, మలుపు మలుపునా నన్ను ఎదురుచూడని చోటికి తీసుకుపోతుంటే ఎవరికి బాగుండదు? గాలి కొట్టే వైపు తను నడిచేవాడు. టీ గ్లాసుని ఊది ఇచ్చేవాడు. ఖుర్మా అని టమాటా లాంటి నారింజ రంగు పండొకటి దొరుకుతుంది అక్కడ, దాని తొక్క తెగకుండా ఒకే తీగలా ఒలిచేవాడు. పొయ్యి గోడకి అంటించి కాల్చే రొట్టె ఉంటుంది, పడవ ఆకారంలో, రెండు కొసలూ చెక్కలా గట్టిగా. రొట్టె తుంచగానే ఆ కొసని నా చేతిలో పెట్టేవాడు. నాకు చిగుళ్ళు నొప్పిపుట్టేవి. కానీ అంత ప్రేమగా ఇస్తుంటే కాదనడం ఎట్టా అని రోజూ నమిలాను.

లామారా అనే మాట విన్నాక ఇవన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాను. ఒక్కటీ నాది కాదు.

ఆ పేరుకి నేనొక మనిషిని తయారుచేసుకున్నాను. పొడుగ్గా, తెల్లగా, ఎర్ర శాలువాతో, గట్టి పళ్ళతో. మధ్యాహ్నానికల్లా ఆవిడ మాతో పాటు నడుస్తోంది.

మర్నాడు భోజనం అయ్యాక, "ఈ పూట మ్యాపు వద్దు, మీ కాళ్ళు ఎటు పోతే అటు పోదాం" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. ఎల్లుండి పొద్దున్నే విమానం కదా."

అతను నడిచాడు, నేను ఒక అడుగు వెనక. నాలుగు రోడ్లు వచ్చిన చోటల్లా అతను ఆలోచిస్తే పాదాలు తడబడుతున్నాయి, ఆలోచించకపోతే సాగిపోతున్నాయి. అందుకని బడి కబుర్లూ, మా హెడ్‌మాస్టారి సైకిలు కబుర్లూ చెప్పి అతన్ని ఆలోచించనివ్వలేదు. అరగంటకి ఎత్తు మీద ఒక సందులో పచ్చ రంగు గేటు ముందు ఆగాం. మురారి ఎడమ చేయి గేటు మీదుగా లోపలికి పోయి, కనిపించని గడియని తీసింది.

అప్పుడే లోపలి నుంచి ఒకావిడ బుట్టతో వచ్చింది. అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, లావుగా, ఇంట్లో వేసుకునే చెప్పులతో. ఆవిడ మురారి మొహం చూడలేదు. గడియ మీద ఉన్న చేతిని చూసింది. ఒక మాట అంది.

"ఏమన్నారు?"

"'ఇంకొకడు' అన్నారు" అన్నాడు మురారి. అతని మొహంలో రక్తం లేదు. "ప్రసూనా, ఈవిడే."

ఎర్ర శాలువా, పొడుగూ, పళ్ళూ అన్నీ పోయాయి. అయినా నాకు ఊరట కలగలేదు. ఎందుకంటే మురారి ఆ ముసలావిడని చూస్తున్న చూపు, పెళ్ళిచూపుల్లో గానీ పెళ్ళిపీటల మీద గానీ నేను చూడనిది.

లోపల వరండాలో ఒక ముసలాయన అక్రోటుకాయలు పగలగొడుతున్నాడు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. పని అంతా ఎడమ చేత్తో. మమ్మల్ని చూసి లేచి మర్యాదగా తల వంచాడు, తర్వాత ఆవిడకి కూడా అలాగే వంచాడు.

"ఈయన గురామ్" అని మురారి ఆవిడ మాటల్ని నాకు చెప్పడం మొదలుపెట్టాడు. "ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో బస్సు నడిపాడు. ఊరికి వచ్చేవాళ్ళకి మా ఊరు చూపించినట్టుంటుందని సంతకం పెట్టాడు. కంపెనీ వాళ్ళు దారులు మాత్రమే తీస్తామన్నారు. కొద్దిగా మసకబారతాయి, అంతే అన్నారు."

ఆవిడ నా వైపు తిరిగి చేతులతో ఏదో పీకినట్టు చూపించింది.

"కానీ ఆ దారులన్నీ ఆయన ఆవిడతో నడిచినవి. చిక్కుడు తీగ లాగితే పక్క మొక్క వేళ్ళతో సహా వచ్చినట్టు వచ్చేసిందట."

"చిక్కుడు అన్నారా ఆవిడ?"

"ద్రాక్ష అన్నారు. నీకు అర్థమవుతుందని."

అది మురారి సొంతంగా చేసిన పని. ఆ పది రోజుల్లో మొదటిది. ఆ క్షణంలో నేను దాన్ని లెక్కలో వేయలేదు.

ఆవిడ కథ చెప్పింది. మొదటిసారి తీసినప్పుడు గురామ్‌కి దారులు పోయాయి. కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చి, కొత్తగా పెళ్ళయినవాళ్ళకి మంచి భర్త జ్ఞాపకం కావాలని అడుగుతున్నారు, ఎవరైనా ఉన్నారా అన్నారట. వీధిలో అందరూ వేలు ఈ ఇంటి వైపే చూపించారట. ఆవిడ కూడా బల్ల ముందు కూర్చుని, ఇలాంటి మొగుడు ఊరి మొత్తంలో లేడని గంటసేపు గొప్పలు చెప్పిందట. రెండోసారి తీశాక ఆయనకి ఆవిడ పేరు పోయింది. అప్పట్నుంచీ మురారి లాంటివాళ్ళు ఎవరో ఒకరు ఆ గేటు దాకా వస్తూనే ఉన్నారట.

"నా నోటితో నేనే అమ్ముకున్నాను అంటోంది" అన్నాడు మురారి.

గాలికి నా జుట్టు మొహం మీద పడింది. మురారి చేయి లేచింది. నుదురు, చెవి, చెవి వెనక బొటనవేలు. లామారా గుడ్లప్పగించి చూసింది. ఆ చూపుని నేను గుర్తుపట్టాను. నిన్నటి నుంచి అద్దంలో నాకు కనిపిస్తున్నది అదే.

ఆవిడ మురారిని ఏదో అడిగింది. అతను నా వైపు చూడకుండా జవాబిచ్చాడు. ఆవిడ పమిట లాంటి గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఏంటది?"

"కోపం వస్తే తను ఏం చేస్తుందో చెప్పమంది. కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతావు అన్నాను."

నాకు కోపం వస్తే ఏం చేస్తానో ఈయనకి తెలుసా? ఏమీ చేయను. ఊరుకుంటాను. అది చూసి ఎవరూ నవ్వరు, ఏడవరు.

తర్వాత లామారా చాలాసేపు మాట్లాడింది. వేళ్ళు మడిచి మూడు చూపించింది. గురామ్ వైపు చూపించింది, తన నుదురు ముట్టుకుంది. ఒక గ్లాసు టీ చల్లారేంత సేపు మాట్లాడింది. మురారి అన్నది మూడు మాటలు.

"రేపు ఆసుపత్రికి వెళ్ళాలంట."

"అంతేనా?"

"అంతే."

వాకిలి దాటి, ఎత్తు దిగి, సముద్రం కనిపించేదాకా నేను ఏమీ అడగలేదు. మొలక రాని గింజని గిల్లి చూడకూడదు, ఆగాలి. రేవు దగ్గర బెంచీ మీద కూర్చున్నాక మురారే మొదలుపెట్టాడు.

"ఆసుపత్రి కాదు. కంపెనీ వాళ్ళ ఆఫీసు. పాత సంతకం ఉంది, కాదనడానికి లేదని రేపు పది గంటలకి ఆయన్ని మూడోసారి రమ్మన్నారు. ఎవరో శాశ్వతంగా కావాలన్నారట. పన్నెండు రోజుల అరువుకైతే నకలు నుంచి ఎక్కిస్తారు. శాశ్వతానికి నకలు చాలదు, ఆ మనిషి తలలోంచే కొత్తగా తీయాలి."

"ఎవరట వాళ్ళు?"

అతను చెప్పులతో గులకరాళ్ళని జరిపాడు.

"నేనే. నాలుగో రోజున ఫోన్లో రాయించాను. అది ఆయన నుంచి తీస్తారని అప్పుడు తెలీదు."

అతను ఇంకొకటి కూడా చెప్పాడు. హైదరాబాదులో రెండు రకాలు చూపించారట. ఒకటి ఊరు మాత్రమే. రెండోది ఊరు, దాంపత్యం. అతను తీసుకున్నది రెండోది. నేను ఊరు మాత్రమే అనుకున్నాను, అతను కాదనలేదు.

"ఎందుకండీ?"

"పెళ్ళికి ముందు మనం మాట్లాడుకుంది మూడుసార్లు. అందులో ఒకసారి మీ మేనమామ పక్కనే ఉన్నాడు. నాకు ఆడవాళ్ళతో ఎట్టా ఉండాలో తెలీదు ప్రసూనా. మా పనిలో ఎల్.సి. అని ఉంటుంది. లైన్లో కరెంటు తీసేశాం, ముట్టుకోవచ్చు అని రాసిచ్చే కాయితం. అది చేతికి రాకుండా తీగ మీద చెయ్యి వేసినవాళ్ళని ఇద్దర్ని చూశాను. తెలీని లైను ముట్టుకోను నేను."

"నేను లైనునా?"

"కాదు. భయం సంగతి చెబుతున్నా."

"మరి నన్ను అడగొచ్చుగా, కాయితం ఇమ్మని."

"అడిగితే నవ్వుతావేమో అనుకున్నా."

"ఈ పది రోజుల్లో మీవి ఏవి?"

అతను నిజంగా ఆలోచించాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆలోచించి కూడా చెప్పలేకపోయాడు.

"నువ్వు సంతోషంగా ఉన్నావు" అన్నాడు చివరికి. "మొదటి రోజుల్లో నీ మొహం నేను చూశాను. ఇంటికెళ్ళాక అది పోతే? ఖుర్మా ఒలవడం రాని మనిషి మిగిలితే? రేపు ఎక్కించుకుంటే ఎప్పటికీ ఇట్టాగే ఉంటాను. వద్దంటే మానేస్తాను. నువ్వు చెప్పు."

"లామారాగారు ఇంకేమన్నారు? నుదురు ముట్టుకున్నారు."

"ఆయనకి ఆవిడెవరో తెలీదు. అయినా సాయంత్రం పూట ఆవిడ పక్కన కూర్చుంటే ఆ చేయి లేచి జుట్టు సర్దుతుందట. అదొక్కటే మిగిలింది. రేపు అది పోతుంది."

ఆ రాత్రి నేను మంచిదాన్నని చెప్పుకోవాలనుంది, కానీ రాసేది ఉన్నదున్నట్టు రాయాలని మా ల్యాబులో నియమం. నాకు ఆ చేయి కావాలనిపించింది. ఊదిన టీ కావాలనిపించింది. ఎక్కడో ముసలివాళ్ళు, నెల తిరిగితే మనకి గుర్తుండరు, అనుకున్నాను. దానికంటే బలంగా ఇంకొకటి అనుకున్నాను. ఇది ఎక్కించుకుంటే లామారా మా ఇంటికి వస్తుంది. బాపట్లలో నా వంటింట్లో, నా మంచం మీద, నాకు పిల్లలు పుడితే వాళ్ళ తల నిమిరే చేతిలో ఆవిడే ఉంటుంది. నేను చచ్చేదాకా రెండోదాన్నిగా ఉంటాను.

మర్నాడు నేను ఏదీ తేల్చుకోకుండానే ఇద్దరం కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. దాంపత్యం శాశ్వతంగా ఎక్కించాలంటే భార్య సంతకం కూడా కావాలి. వెళ్ళేసరికి గోడ పక్క బెంచీ మీద గురామ్, లామారా ఉన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా, కోటు. దువ్విన తల. ఎక్కడికో పెళ్ళికి తీసుకొచ్చినట్టు చుట్టూ చూస్తున్నాడు. లామారా ఒళ్ళో ఒక సంచి. ఆవిడ మమ్మల్ని చూసింది, మా చేతిలో కాయితాలు చూసింది. ఎవరి కోసం తన భర్తని పిలిపించారో ఆవిడకి అప్పుడు అర్థమైంది. తిట్టలేదు. సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి ఇంగ్లీషులో మురారిని లోపలికి రమ్మంది. లోపల కుర్చీ, దారాల టోపీ కనిపిస్తున్నాయి. పక్కనే ఇంకో కుర్చీ, ఇంకో టోపీ.

ఫ్యాను గాలికో, వంచిన తల వల్లో, లామారా తెల్ల జుట్టు మొహం మీదికి జారింది. గురామ్ అటు తిరిగాడు. బస్సులో పక్క సీటు మనిషికి సాయం చేసేవాడిలా, కాస్త సిగ్గుపడుతూ, ఎడమ చేయి ఎత్తాడు. నుదురు, చెవి, చెవి వెనక బొటనవేలు. క్షణం నిలిపాడు. దింపాడు. ఆవిడకి సారీ లాంటి మాటేదో చెప్పాడు.

మురారి కూడా చూశాడు. చూస్తూ తన ఎడమ చేతిని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా.

అమ్మాయి నాకు పెన్ను ఇచ్చింది.

"నేను పెట్టను" అన్నాను తెలుగులో. ఆమెకి అర్థం కాలేదు. పెన్ను బల్ల మీద పెట్టాను. అది అర్థమైంది.

జాలి వల్ల అలా చేశానని తర్వాత చాలామంది అనుకున్నారు. కాదు. ఆ ముసలాయన చేయి లేచినప్పుడు నాకు ఒళ్ళంతా మండింది. అది ఆవిడది. నా నుదుటి మీద నలభై ఏడుసార్లు నడిచింది ఆవిడ సొత్తు. ఇంకొకరి కోసం పెరిగిన చేయి నాకు వద్దు అనుకున్నాను. అసూయే ఆ పెన్ను కింద పెట్టించింది.

మురారి చెవి వెనక బిళ్ళ పీకి, దాన్ని కూడా బల్ల మీద పెట్టాడు. అమ్మాయి ఏదో హెచ్చరించింది, వినలేదు. మేం బయటికి వస్తుంటే లామారా వెనక నుంచి పిలిచింది. సంచిలోంచి ఒక ఖుర్మా తీసి నా చేతిలో పెట్టి, నెమ్మదిగా నాలుగు మాటలు అంది.

"ఏమన్నారండీ?"

మురారి బిళ్ళ లేని చెవి వెనక తడుముకున్నాడు.

"సగమే తెలిసింది. నువ్వు అనే మాట ఉంది. మిగతాది జారిపోయింది."

సాయంత్రానికి అతనికి హోటలు దారి తెలియలేదు. రెండుసార్లు తప్పిపోయాం. గాలి వీచే వైపు నేను నడిచాను, అతను గమనించలేదు. టీ వేడిగా ఇచ్చాడు, నాలుక కాలింది. ఖుర్మాని కత్తితో కోసి తొక్కతో సహా పెట్టాడు. నేను ఒక్కొక్కటీ పోవడం చూశాను. మా ల్యాబులో ఏడో రోజున కొన్ని గింజలు మొలవవు, కుళ్ళవు కూడా. నొక్కితే రాయిలా ఉంటాయి. వాటిని చచ్చినవాటిలో కలపకూడదు, గట్టి గింజలు అని విడిగా రాయాలి. ఆ వరసే గుర్తొస్తూ ఉంది నాకు.

మర్నాడు విమానంలో కిటికీ పక్క నేను, నడవ పక్క ఎవరో పెద్దమనిషి, మధ్యలో మురారి. పైనుంచి వచ్చే గాలికి జుట్టు కంట్లో పడింది. అలవాటు కొద్దీ ఎదురుచూశాను. అతని ఎడమ చేయి ఒళ్ళో కదిలి ఆగిపోయింది. ఎక్కడికి పోవాలో మర్చిపోయినట్టు. నేను కిటికీ వైపు తిరిగాను. లామారా ఇప్పుడు ఆ బెంచీ మీద లేదు, ఇంట్లో వరండాలో ఉంటుంది, సాయంత్రానికి ఆయన పక్కన కూర్చుంటుంది అనుకున్నాను. నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది.

భోజనం వచ్చింది. చిన్న రొట్టె ఒకటే మిగిలిందని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మురారి దాన్ని కుడి చేత్తో పట్టుకుని, రెండు ముక్కలుగా తుంచబోయి ఆగాడు.

"ప్రసూనా."

"ఊ."

"నీకు కొస ఇష్టమా, మధ్యలోదా?"

పన్నెండు రోజుల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"మధ్యలోదే" అన్నాను. "కొస నాకు అసలు పడదు. చిగుళ్ళు నొప్పి."

"మరి రోజూ తిన్నావుగా."

"ఇచ్చారుగా."

అతను మధ్యభాగం వంకరగా తుంచి నాకిచ్చాడు. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, సబ్‌స్టేషన్లో లాగ్‌బుక్కు రాసినంత శ్రద్ధగా, బోర్డింగ్ పాసు వెనక తారీఖు వేసి రాసుకున్నాడు. నేను తొంగిచూశాను.

'1. ప్రసూన: రొట్టె మధ్యది. కొస వద్దు.'

కింద రెండో అంకె వేసి, పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇంకా?" అన్నాడు.